అకామా ఉన్నా ఆగిన ప్రయాణం
మహమ్మారి కాలంలో ‘నేను అక్కడి నివాసినే’ అని రుజువు చేసుకోవడానికి వలస కార్మికులు పడిన పాట్లు.. అవి నేర్పిన పాఠాలు

జగిత్యాల: నెల రోజుల సెలవుపై ఇంటికి వచ్చిన గల్ఫ్ కార్మికుడు ఏడాది గడిచినా తిరిగి వెళ్లలేక ఊళ్లోనే ఉండిపోవడం 2020, 2021 సంవత్సరాల్లో ఉత్తర తెలంగాణ పల్లెల్లో అరుదైన దృశ్యం కాదు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల్లోనూ, కువైట్‌కు ఎక్కువగా వెళ్లే కడప, ఉభయ గోదావరి జిల్లాల్లోనూ ఇదే పరిస్థితి. వారి చేతిలో పాస్‌పోర్టు ఉంది. అక్కడ ఉద్యోగం ఉంది. తాళం వేసి వచ్చిన గది ఉంది. అయినా విమానం ఎక్కడానికి వీలు లేకపోయింది. ‘ఈ వ్యక్తి మా దేశపు నివాసి’ అని ఆ దేశం మళ్లీ ఒకసారి చెబితే తప్ప ప్రయాణానికి అనుమతి లేదన్నారు. మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకోని ఈ నివాస ధ్రువీకరణ ఆ రెండేళ్లలో ఎందుకంత ముఖ్యమైంది? ఏయే దేశాలు ఏయే రుజువులు అడిగాయి? అటువంటి పరిస్థితి మళ్లీ ఎదురైతే కార్మికుల వద్ద ఏ పత్రాలు ఉండాలి? ఈ అంశాలపై కథనం.

వీసా వేరు.. నివాసం వేరు

సాధారణంగా మన వాళ్లు అన్నింటినీ కలిపి ‘వీసా’ అనే అంటారు. నిజానికి వీసా అనేది దేశంలోకి అడుగు పెట్టడానికి ఇచ్చే అనుమతి. అక్కడికి చేరిన తరువాత వైద్య పరీక్షలు, వేలిముద్రలు పూర్తిచేసుకుని పొందేది నివాస అనుమతి. సౌదీలో దీనినే అకామా అంటారు. కువైట్‌లో సివిల్ ఐడీ, ఎమిరేట్స్‌లో ఎమిరేట్స్ ఐడీ నివాసికి గుర్తింపు కార్డులు.

ఈ నివాస అనుమతికి మూడు లక్షణాలు ఉన్నాయి. ఒకటి, దానికి గడువు ఉంటుంది. రెండు, దానిని పొడిగించే అధికారం ప్రధానంగా కఫీల్, అంటే యజమాని చేతిలో ఉంటుంది. మూడు, నివాసి దేశం వెలుపల ఎక్కువ కాలం ఉండిపోతే అది దానంతట అదే రద్దయ్యే ప్రమాదం ఉంది. ఎమిరేట్స్‌లో, కువైట్‌లో సాధారణ నిబంధన ప్రకారం ఈ పరిమితి ఆరు నెలలు. సౌదీలో కార్మికుడు సెలవుపై వచ్చేటప్పుడు తీసుకునే రాకపోకల వీసాకు ప్రత్యేకంగా గడువు ఉంటుంది. ఆ గడువులోగా తిరిగి చేరకపోతే మూడేళ్లపాటు మరో యజమాని వద్ద పనికి వెళ్లరాదన్న నిబంధన ఆ రోజుల్లో అమల్లో ఉండేది.

మామూలు పరిస్థితుల్లో ఈ గడువులు ఎవరికీ భారం కావు. నెలా రెండు నెలల సెలవు ముగియగానే తిరిగి వెళ్లిపోతారు. అయితే విమానాలే లేని రోజుల్లో ఈ గడువులే కార్మికుడి మెడకు ఉచ్చులయ్యాయి. తాను కదలలేడు. కాలం మాత్రం ఆగదు.

తలుపులు మూసుకున్న వారం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. ఆ తరువాత పది పన్నెండు రోజుల్లోనే దేశాలు ఒకదాని వెంట ఒకటి తలుపులు మూసుకున్నాయి. కువైట్ మార్చి 13న, సౌదీ మార్చి 15న అంతర్జాతీయ విమానాలను నిలిపివేశాయి. ఎమిరేట్స్ మార్చి 19న మరో అడుగు ముందుకు వేసి, చెల్లుబాటయ్యే నివాస వీసా ఉండి దేశం వెలుపల ఉన్నవారి రాకను సైతం ఆపివేసింది. తొలుత రెండు వారాలకే అన్న ఈ నిర్ణయం నెలల తరబడి కొనసాగింది. భారతదేశం కూడా మార్చి 22 నుంచి అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలను రద్దు చేసింది. మన దేశంలో ఈ సేవలు పూర్తిస్థాయిలో పునరుద్ధరణకు నోచుకున్నది రెండేళ్ల తరువాత, 2022 మార్చి 27న.

ఈ మధ్యకాలంలో ప్రయాణాలు పూర్తిగా ఆగలేదు. 2020 మే 7న మొదలైన వందే భారత్ మిషన్ విమానాలు విదేశాల్లో చిక్కుకున్నవారిని స్వదేశానికి చేర్చాయి. జులై నుంచి ఒక్కొక్క దేశంతో ‘ఎయిర్ బబుల్’ ఒప్పందాలు కుదిరాయి. ఈ ఏర్పాట్లలో పర్యాటకులకు చోటు లేదు. అటు వెళ్లవలసినవారు ఆ దేశపు పౌరులో, నివాసులో అయి ఉండాలి. దీంతో ‘నివాసి’ అన్న మాటకు ఎన్నడూ లేనంత విలువ వచ్చింది.

ఎమిరేట్స్: కార్డు చాలదు.. అనుమతి కావాలి

ఎమిరేట్స్ ప్రభుత్వం 2020 జూన్ నుంచి నివాసులను తిరిగి రానివ్వడం ప్రారంభించింది. చేతిలో నివాస వీసా ఉన్నంత మాత్రాన సరిపోదని, ముందుగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి అనుమతి పొందాలని షరతు పెట్టింది. ఇందులోనూ ఒక చిక్కు ఉంది. దుబాయ్ జారీ చేసిన వీసా అయితే ఆ ఎమిరేట్‌కు చెందిన జీడీఆర్ఎఫ్ఏ అనే సంస్థ అనుమతి కావాలి. అబుదాబి, షార్జా తదితర మిగిలిన ఎమిరేట్ల వీసా అయితే ఐసీఏ అనే సమాఖ్య సంస్థ అనుమతి కావాలి. పనిచేసేది దుబాయ్‌లోనే అయినా వీసా షార్జాదై ఉన్న కార్మికులు అనేకులు. ఏ సంస్థకు దరఖాస్తు చేయాలో తెలియక తిప్పలు పడినవారు వీరే.

భారత్, ఎమిరేట్స్ మధ్య కుదిరిన అవగాహన మేరకు 2020 జులై 12 నుంచి 26 వరకు పదిహేను రోజులపాటు ప్రత్యేక అవకాశం కల్పించారు. మన వాళ్లను తీసుకురావడానికి వెళ్లే విమానాల్లో అనుమతి పొందిన నివాసులు ఇక్కడి నుంచి ప్రయాణించవచ్చునన్నారు. ఆ పక్షం రోజుల కోసం నెలల తరబడి ఎదురుచూసినవారికి అనుమతి రాకపోతే అంతే సంగతులు.

ఆ తరువాత ఏర్పడిన వెసులుబాటు కూడా ఎక్కువ కాలం నిలవలేదు. మన దేశంలో రెండో దశ ఉద్ధృతి కారణంగా 2021 ఏప్రిల్ 24 అర్ధరాత్రి నుంచి భారత్ నుంచి ప్రయాణాలను ఎమిరేట్స్ నిలిపివేసింది. మళ్లీ ద్వారం తెరుచుకున్నది ఆగస్టు 5న. అప్పుడు కూడా షరతులు కఠినంగానే ఉన్నాయి. నివాస వీసాతోపాటు, టీకా రెండు మోతాదులూ ఎమిరేట్స్‌లోనే తీసుకుని ఉండాలి. రెండో మోతాదు తీసుకుని 14 రోజులు గడవాలి. వైద్యులు, నర్సులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు వంటి కొన్ని వర్గాలకు మాత్రం టీకా షరతు నుంచి మినహాయింపునిచ్చారు. 48 గంటల్లోపు చేయించుకున్న పరీక్ష నివేదికకు తోడు, విమానం ఎక్కేముందు విమానాశ్రయంలోనే మరో ర్యాపిడ్ పరీక్ష తప్పనిసరి.

ఇక్కడే సామాన్య కార్మికుడికి దెబ్బ తగిలింది. సెలవుపై వచ్చి స్వగ్రామంలో టీకా వేయించుకున్నవాడు అన్ని విధాలా నివాసి అయినా లోపలికి రాలేకపోయాడు. సెప్టెంబరు 12 నుంచి ఈ షరతును సడలించి, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన టీకా ఏ దేశంలో వేయించుకున్నా సరేనన్నారు. ఆరు నెలలకు మించి వెలుపల ఉన్న నివాసులు సైతం రావచ్చునని అప్పుడే ప్రకటించారు. అప్పటికి చాలామంది కొలువులు చేజారిపోయాయి.

కువైట్: ముద్ర లేని పాస్‌పోర్టు

కువైట్ విషయంలో మరో విశేషం ఉంది. ఆ దేశం 2019 మార్చి నుంచే విదేశీయుల పాస్‌పోర్టుల్లో నివాస ముద్ర అంటించడం మానివేసింది. వివరాలన్నీ సివిల్ ఐడీ కార్డులోనే ఉంటాయి. పాస్‌పోర్టు ఎన్నిసార్లు తిరగవేసినా అందులో నివాస ఆధారం కనిపించదు. కార్డు పోయినా, కార్డు మీది గడువు తీరినా, తాను కువైట్ నివాసినని చెప్పుకోవడానికి చేతిలో ఏమీ మిగలదు. యజమాని అక్కడ ఆన్‌లైన్‌లో నివాసాన్ని పొడిగించినప్పటికీ కొత్త కార్డు ఇక్కడున్న కార్మికుడికి చేరే మార్గం లేదు. ఫోనులో చూపించే డిజిటల్ గుర్తింపు అందుబాటులోకి రావడంతో ఈ ఇబ్బంది కొంత తగ్గింది.

2020 ఆగస్టు 1న కువైట్ విమానాలు మొదలయ్యాయి. నేరుగా రాకూడని దేశాల జాబితాలో భారత్ చేరింది. మధ్యలో నిషేధం లేని మరో దేశంలో 14 రోజులు గడిపి, పరీక్ష చేయించుకుని రావచ్చునన్నారు. దీంతో మన కార్మికులు దుబాయ్ వెళ్లి, రెండు వారాలు గదుల్లో మకాం వేసి, అక్కడి నుంచి కువైట్ చేరడం మొదలుపెట్టారు. విమాన చార్జీలు రెండింతలు, దానిపైన 14 రోజుల బస, భోజనం ఖర్చు. వడ్డీకి అప్పులు తెచ్చి బయలుదేరినవారు ఉన్నారు.

ఈ మార్గానికీ భరోసా లేకపోయింది. 2021 ఫిబ్రవరి 3న సౌదీ అరేబియా భారత్, ఎమిరేట్స్ సహా 20 దేశాల నుంచి రాకను నిలిపివేసింది. నాలుగు రోజులకే, ఫిబ్రవరి 7 నుంచి కువైట్ కొన్ని మినహాయింపులు తప్ప విదేశీయుల ప్రవేశాన్నే ఆపివేసింది. అప్పటికే దుబాయ్‌లో 14 రోజుల లెక్క పూర్తిచేస్తున్న కార్మికులు ముందుకు వెళ్లలేక, వెనక్కి రావడానికి డబ్బు లేక చిక్కుకుపోయారు. గమ్యస్థాన దేశపు నిబంధనలు తెలుసుకోకుండా ఎమిరేట్స్ మీదుగా బయలుదేరవద్దని అక్కడి భారత రాయబార కార్యాలయం హెచ్చరిక జారీ చేయవలసి వచ్చింది.

కువైట్ 2021 ఆగస్టు 1 నుంచి టీకా పూర్తయిన నివాసులను అనుమతించింది. ఫైజర్, ఆస్ట్రాజెనెకా, మోడెర్నా, జాన్సన్ టీకాలకే గుర్తింపు ఇచ్చింది. మన కోవిషీల్డ్ ఆస్ట్రాజెనెకా టీకాయే కనుక అది వేయించుకున్నవారికి దారి దొరికింది. కోవాగ్జిన్ వేయించుకున్నవారు నిస్సహాయులయ్యారు. ఆ టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు లభించింది 2021 నవంబరు 3న.

ఇంటిపనివారి పరిస్థితి వేరు. కువైట్‌లో ఇళ్లలో పనిచేసే మహిళలు, డ్రైవర్లు 20వ నంబరు వీసా కిందకు వస్తారు. వీరి కోసం 2020 డిసెంబరులో ‘బిస్సలామా’ పేరిట ప్రత్యేక ఏర్పాటు చేశారు. దీని ద్వారా పనిమనిషిని రప్పించుకోవాలంటే యజమానే నమోదు చేయాలి, క్వారంటైన్ ఖర్చు చెల్లించాలి. యజమానికి ఇష్టమైతే ప్రయాణం, లేకుంటే లేదు. కడప, గోదావరి జిల్లాల మహిళలకు నివాస రుజువు అంటే చివరికి యజమాని దయాదాక్షిణ్యమే అయింది.

సౌదీ: పొడిగింపు వచ్చింది.. దారి రాలేదు

సౌదీ ప్రభుత్వం వెలుపల చిక్కుకున్నవారి అకామాలను, రాకపోకల వీసాలను పలు దఫాలుగా ఉచితంగా పొడిగించింది. ఈ ఉపకారం మరువరానిది. పత్రాలు బతికే ఉన్నా ప్రయాణ మార్గం మాత్రం లేదు. 2021 ఫిబ్రవరి నిషేధం తరువాత కార్మికులు నేపాల్, మాల్దీవులు వంటి దేశాల్లో 14 రోజులు గడిపి సౌదీ చేరే ప్రయత్నం చేశారు. ఏప్రిల్ 28 నుంచి నేపాల్ కూడా భారతీయులు తమ దేశం మీదుగా ఇతర దేశాలకు వెళ్లడాన్ని ఆపివేసింది. ఆగస్టు నెలాఖరులో సౌదీలోనే రెండు మోతాదులూ వేయించుకున్న నివాసులకు నేరుగా వచ్చే వీలు కల్పించారు. మిగిలినవారికి భారత్ నుంచి నేరుగా ప్రయాణం సాధ్యమైంది డిసెంబరు 1 నుంచే.

బహ్రెయిన్ మరో రకమైన రుజువు అడిగింది. 2021 మే 23 నుంచి భారత్ వంటి ఎర్ర జాబితా దేశాల నుంచి పౌరులను, నివాస అనుమతి ఉన్నవారిని మాత్రమే రానిస్తామన్నది. వచ్చినవారు పది రోజులు సొంత నివాసంలో ఏకాంతంగా గడపాలి. ఆ ఇల్లు తన పేరిట గానీ, దగ్గరి కుటుంబసభ్యుల పేరిట గానీ నమోదై ఉండాలి. లేదంటే ప్రభుత్వం ఆమోదించిన హోటల్లో బస చేయాలి. కంపెనీ క్యాంపులో ఆరుగురితో కలిసి ఒక గదిలో ఉండే కార్మికుడికి తన పేరిట ఇల్లెక్కడిది? ఆ దేశంలో నివసించే హక్కు ఉంది గానీ, నివసిస్తున్నట్లు చూపడానికి చిరునామా లేదు.

బిడ్డ జనన పత్రమే ఆధారం

గల్ఫ్‌ను దాటి చూస్తే, ‘నివాసి’ అన్న మాటకు ఒక్కో దేశం ఒక్కో అర్థం చెప్పింది. అమెరికా 2021 మే 4 నుంచి భారత్ నుంచి వచ్చేవారిపై ఆంక్షలు విధించింది. పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి మినహాయింపు ఉంది. హెచ్1బీ వీసాపై పదేళ్లుగా ఉంటూ, ఇల్లు కొనుక్కుని, పన్నులు కడుతున్న ఉద్యోగికి మాత్రం ఆ హోదా లేదు. చట్టం దృష్టిలో అతడు వలసేతరుడే. తల్లిదండ్రుల అంత్యక్రియలకు వచ్చి తిరిగి వెళ్లలేక, భార్యాబిడ్డలు అక్కడ, తాము ఇక్కడ అన్నట్లు గడిపిన తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఉన్నారు. ఒక్క వెసులుబాటు వారిని ఆదుకుంది. 21 ఏళ్లలోపు అవివాహిత అమెరికా పౌరుల తల్లిదండ్రులకు ఆంక్షలు వర్తించవు. దీంతో అక్కడ పుట్టిన బిడ్డ జనన ధ్రువపత్రమే కన్నవారికి ఆధారమైంది. అయితే పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరినవారికి కాన్సులేట్ అపాయింట్‌మెంట్లు దొరకడం గగనమైంది. ఈ ఆంక్షలు 2021 నవంబరు 8న తొలగి, వాటి స్థానంలో టీకా నిబంధన వచ్చింది.

ఆస్ట్రేలియా మరీ కఠినంగా వ్యవహరించింది. 2021 మే 3 నుంచి 15 వరకు, భారత్‌లో ఉండి వచ్చే తన సొంత పౌరులను, శాశ్వత నివాసులను కూడా రానివ్వలేదు. ఉల్లంఘిస్తే అయిదేళ్ల వరకు జైలు, 66,600 డాలర్ల వరకు జరిమానా అని ప్రకటించింది. అక్కడ ఎంత బలమైన రుజువు ఉన్నా ఫలితం శూన్యం.

మన దేశమూ ఇందుకు మినహాయింపు కాదు. 2020 మార్చి 13 నుంచి ఓసీఐ కార్డుదారులకు వీసా లేకుండా రాగలిగే సదుపాయాన్ని నిలిపివేశారు. తల్లిదండ్రులకు భారత పాస్‌పోర్టు, విదేశంలో పుట్టిన పసిబిడ్డకు ఓసీఐ కార్డు ఉన్న కుటుంబాలు వందే భారత్ విమానం ఎక్కలేకపోయాయి. విమర్శలు రావడంతో మే 22న ఇటువంటి పిల్లలకు, కుటుంబంలో మరణం వంటి అత్యవసరాలు ఉన్నవారికి సడలింపు ఇచ్చారు. ఓసీఐ కార్డుదారులందరికీ అనుమతి లభించింది అక్టోబరు 22న.

కౌంటరు వద్దే తీర్పు

అసలు నిర్ణయం ఎక్కడ జరిగిందన్నది గమనించదగిన అంశం. విదేశీ సరిహద్దు అధికారి ముందుకు వెళ్లకముందే, శంషాబాద్ విమానాశ్రయంలో విమానయాన సంస్థ కౌంటరు వద్దే ప్రయాణికుడి భవితవ్యం తేలిపోయేది. అర్హత లేని ప్రయాణికుడిని తీసుకువెళ్తే అతడిని తిరిగి తీసుకురావలసిన బాధ్యత ఆ సంస్థదే. జరిమానా కూడా పడవచ్చు. అందువల్ల కౌంటరులోని సిబ్బంది కంప్యూటరులో ‘టిమాటిక్’ అనే నిబంధనల సమాచార వ్యవస్థను చూసి, ఏ మాత్రం సందేహం ఉన్నా ఆపివేస్తారు. అక్కడ వాదనకు చోటు లేదు. ‘మా కఫీల్ ఫోనులో చెబుతాడు’ అంటే చెల్లదు. తెరమీద కనిపించాలి, కాగితంమీద ఉండాలి.

అక్షర దోషాలు కూడా ప్రయాణాలను ఆపాయి. మన వాళ్లలో చాలామందికి ఆధార్‌లో ఇంటిపేరు ఒక అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. టీకా పత్రం ఆధార్ ప్రకారం జారీ అయితే, నివాస కార్డు పాస్‌పోర్టు ప్రకారం ఉంటుంది. రెండూ ఒకే వ్యక్తివని నమ్మించడం కష్టమైంది. ఈ కారణంగానే 2021 జూన్‌లో టీకా ధ్రువపత్రంలో పాస్‌పోర్టు నంబరు చేర్చే సదుపాయాన్ని కోవిన్‌లో కల్పించారు. విదేశాలకు చదువు, ఉద్యోగాలకు వెళ్లేవారికి కోవిషీల్డ్ రెండో మోతాదును 84 రోజులు ఆగనవసరం లేకుండా 28 రోజులకే వేయవచ్చునని కేంద్రం జూన్ 7న మార్గదర్శకాలు విడుదల చేసింది. అర్హతను పరిశీలించే అధికారులను జిల్లాల్లో నియమించాలని సూచించింది. ఈ సంగతి తెలిసినవారు లాభపడ్డారు. తెలియనివారు మూడు నెలలు నిరీక్షించారు.

ఇప్పుడు చేసుకోదగిన జాగ్రత్తలు

కోవిడ్ ప్రపంచ అత్యవసర పరిస్థితి ముగిసిందని ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. ఆనాటి అనుమతులు, యాప్‌లు, 14 రోజుల మజిలీలు చరిత్రలో కలిశాయి. నివాస నిబంధనలు మాత్రం అలాగే ఉన్నాయి. పైగా ఎమిరేట్స్ కూడా 2022 ఏప్రిల్ నుంచి పాస్‌పోర్టులో నివాస ముద్ర వేయడం మానివేసింది. కార్డు, డిజిటల్ నమోదు మాత్రమే ఆధారాలు. యుద్ధం, వ్యాధి, విమానాల రద్దు.. కారణం ఏదైనా ప్రయాణం ఆగిపోయే పరిస్థితి మళ్లీ రావచ్చు. సెలవుపై వచ్చే ప్రతి కార్మికుడు ఈ కింది అంశాలను గుర్తుంచుకోవాలి.

* నివాస కార్డుకు రెండు వైపులా తీసిన నకళ్లు ఇంట్లో ఒకటి, నమ్మకమైన బంధువు వద్ద ఒకటి ఉంచాలి. ఫోనులోని డిజిటల్ కార్డును అక్కడి నుంచి బయలుదేరకముందే తెరిచి సరిచూసుకోవాలి. అక్కడి సిమ్‌కు వచ్చే సంకేత సంఖ్య లేనిదే కొన్ని యాప్‌లు తెరుచుకోవు. ఆ సిమ్‌ను పారవేయరాదు.

* అకామా గడువు, రాకపోకల వీసా గడువు, పాస్‌పోర్టు గడువు.. ఈ మూడు తేదీలను ఒకే కాగితంపై రాసి పెట్టుకోవాలి. వీటిలో ఏది ముందు తీరితే అదే అసలు గడువు.

* ఇక్కడ పాస్‌పోర్టు కొత్తది తీసుకుంటే పాతదానిని పారవేయరాదు. అక్కడి నమోదుల్లో ఉండేది పాత నంబరే. కొత్త నంబరు చేర్పించమని యజమానిని కోరాలి. ప్రయాణంలో రెండూ వెంట ఉంచుకోవాలి.

* యజమాని లేదా కంపెనీ పీఆర్వో ఫోను నంబరు, కార్మిక ఒప్పంద పత్రం నకలు, చివరి మూడు నెలల జీతం జమ అయిన వివరాలు దగ్గర ఉండాలి. నివాసం రద్దయినా రావలసిన బకాయిలు అడగడానికి ఇవే ఆధారం.

* గది అద్దె ఒప్పందం గానీ, కంపెనీ క్యాంపులో ఉంటున్నట్లు కంపెనీ ఇచ్చిన లేఖ గానీ తీసుకోవడం మంచిది.

* ఆరు నెలల లెక్క దగ్గర పడుతుంటే ఏజెంటు మాటలు నమ్మి కూర్చోకుండా యజమానితో మాట్లాడాలి. యజమాని స్పందించకపోతే విదేశాంగ శాఖ నిర్వహించే ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. హైదరాబాద్‌లోని వలస సంరక్షణాధికారి కార్యాలయాన్ని సంప్రదించవచ్చు.

గల్ఫ్‌లో ఎన్నేళ్లు చెమటోడ్చినా అక్కడ పౌరసత్వం రాదని మన కార్మికులకు తెలుసు. అయినా ఏళ్ల తరబడి నివసించినచోటు తమదేనన్న భావన సహజం. ఆ భావనకు సరిహద్దు వద్ద విలువ లేదని మహమ్మారి చాటింది. అక్కడ చెల్లేది పేరు, నంబరు, తేదీ మాత్రమే. ఊరికి వచ్చేటప్పుడు బిడ్డలకు తెచ్చే బొమ్మలతోపాటు ఆ మూడింటినీ సరిచూసుకుని తెచ్చుకున్న కార్మికుడే తిరుగు ప్రయాణం గురించి నిశ్చింతగా ఉండగలడు.